రాత్రి రెండింటికి అక్కడ ఎవరుంటారు?

ఓల్డేజ్ హోమ్ వెతకడం ఇప్పుడు పీజీ హాస్టల్ వెతికినంత తేలికైపోయింది. ఫోన్ తీసి ‘నియర్ మీ’ అని కొడితే చాలు, హైదరాబాద్ చుట్టుపక్కలే బోలెడు కనిపిస్తాయి. లాన్‌లో కుర్చీలు, హాల్లో వేంకటేశ్వరస్వామి పటం, యోగా చేస్తున్న తాతయ్యలు, కేకు కోస్తున్న అమ్మమ్మలు. కింద నాలుగున్నర స్టార్లు. అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియో కాల్‌లోనే హోమ్ మొత్తం చూసేసి, అక్కణ్నుంచే అడ్వాన్స్ కూడా పంపేస్తున్నాడు.

ఆ ఫొటోల్లో ఒక సంగతి గమనించారా? అన్నీ పగటి ఫొటోలే. రాత్రిపూట తీసింది ఒక్కటీ కనిపించదు.

పెద్దవాళ్లకు అసలు పరీక్ష మొదలయ్యేది మాత్రం రాత్రే. ఎనిమిదింటికల్లా భోజనాలు అయిపోతాయి. మేనేజర్ ఇంటికి వెళ్లిపోతారు. లైట్లు ఆర్పేస్తారు. తెల్లారి కాఫీ వచ్చేదాకా దాదాపు పది గంటలు. ఆ పది గంటలు అక్కడ ఎవరు మేలుకుని ఉంటారు? ఎంతమంది ఉంటారు? ఏదైనా జరిగితే ఏం చేయాలో వాళ్లకు తెలుసా? మన తాతయ్య క్షేమం ఈ మూడు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది. ఏసీ గది, ఆర్గానిక్ కూరలు, నెలకో తీర్థయాత్ర... ఇవన్నీ వీటి తర్వాతే.

అన్నీ చీకట్లోనే

కొన్ని పాత సంఘటనలు గుర్తు చేసుకుందాం. చదవడానికి కష్టంగానే ఉంటాయి. అయినా తెలుసుకోవాలి.

2001 ఆగస్టు 6. తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడి. మానసిక వ్యాధులున్న వాళ్లను అక్కడి దర్గాకు తీసుకొచ్చి, నయమవుతుందని చుట్టుపక్కల ప్రైవేటు ఆశ్రమాల్లో వదిలి వెళ్లేవారు. వాటిలో ఒక పాకకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపలివాళ్లు పారిపోలేకపోయారు. కారణం, వాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే ఈ కేసు తీసుకుంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగులను గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

2023 జనవరి 1. ఢిల్లీలో బాగా డబ్బున్నవాళ్లు ఉండే గ్రేటర్ కైలాష్. ఊరంతా న్యూ ఇయర్ పార్టీలు ముగించుకుని పడుకున్న వేళ, తెల్లవారకముందే అక్కడి ఒక సీనియర్ కేర్ హోమ్‌లో మంటలు లేచాయి. ఇద్దరు పెద్దావిడలు చనిపోయారు. ఇది ఎర్వాడి పాక లాంటిది కాదు. బాగా ఖర్చుపెట్టగలిగిన కుటుంబాలు ఏరి కోరి ఎంచుకునే ఏరియా. అంటే ఫీజు ఎక్కువ కట్టినంత మాత్రాన రాత్రి భద్రంగా ఉంటుందన్న హామీ లేదన్నమాట.

2004 జనవరి 31. స్కాట్లాండ్‌లో గ్లాస్గో దగ్గర రోజ్‌పార్క్ అనే కేర్ హోమ్. టైమ్ తెల్లవారుజామున నాలుగున్నర. కరెంటు బోర్డు ఉన్న ఒక అల్మారాలో నిప్పు పుట్టింది. అలారం మోగింది. డ్యూటీలో ఉన్నవాళ్లు ముందు మంట ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు. ఫైర్ వాళ్లకు ఫోన్ వెళ్లేసరికి దాదాపు 9 నిమిషాలు గడిచిపోయాయి. ఈలోపు పొగ కారిడార్ నిండి, తలుపులు తెరిచి ఉన్న గదుల్లోకి వెళ్లింది. 14 మంది ప్రాణాలు పోయాయి. 2011లో విచారణ నివేదిక తేల్చిందేమిటంటే, అగ్నిప్రమాదం వస్తే ఏం చేయాలన్న సరైన ప్లాన్ ఉండి ఉంటే ఆ మరణాల్లో కొన్ని, బహుశా అన్నీ, ఆగేవి.

ఇంకొక్కటి. 2014 జనవరి 23, కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం, లీల్-వెర్త్ అనే చిన్న ఊరు. అర్ధరాత్రి దాటాక వృద్ధుల నివాసం అంటుకుంది. 32 మంది చనిపోయారు. ఆ భవనంలో పాత భాగం, కొత్త భాగం అని రెండున్నాయి. కొత్త భాగంలో స్ప్రింక్లర్లు, అంటే మంట వేడికి సీలింగ్ నుంచి వాటంతటవే నీళ్లు చిమ్మే పరికరాలు ఉన్నాయి. అది నిలబడింది. అవి లేని పాత భాగం బూడిదైంది. ఒకటే రాత్రి, ఒకటే భవనం!

నాలుగు చోట్లా దేశం వేరు, డబ్బు వేరు, మనుషులు వేరు. వేళ మాత్రం ఒకటే. లోపలివాళ్లు గాఢనిద్రలో ఉన్న, పనివాళ్లు అతి తక్కువమంది ఉన్న వేళ.

మన దగ్గర హోమ్‌లకు వెళ్లినప్పుడు ఒకసారి చూడండి. మెట్ల దగ్గర ఇనుప గ్రిల్, దానికి తాళం. ‘దొంగల భయం సార్’ అంటారు. సరే, ఆ తాళంచెవి రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది? వాచ్‌మన్ జేబులోనా, ఆఫీసు డ్రాయర్‌లోనా? ఆఫీసుకు కూడా తాళమేనా? ఆ జవాబు తడబడితే, దొంగల సంగతేమో గానీ, పొగ వచ్చిన రోజు ఆ గ్రిల్లే యముడవుతుంది. మంచాన పడ్డవాళ్లను మూడో అంతస్తులో పెట్టి, లిఫ్ట్ ఒక్కటే దారిగా ఉంటే అది ఇంకా ప్రమాదం. మంటలొస్తే లిఫ్ట్ వాడకూడదు కదా.

బాత్‌రూమ్ దాకా పది అడుగులు

మంటలు ఎప్పుడో గానీ రావు. కిందపడటం మాత్రం రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, కిందపడి చనిపోయేవాళ్లు ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి సుమారు 6,84,000 మంది. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అందులోనూ ప్రాణాలు పోయేది ఎక్కువగా 60 ఏళ్లు దాటినవాళ్లకే.

అది ఎలా జరుగుతుందో చూడండి. రాత్రి రెండింటికి నానమ్మకు మెలకువ వచ్చింది. బాత్‌రూమ్‌కి వెళ్లాలి. పక్కనే బెల్ ఉంది. కానీ నిన్న నొక్కితే ఆయా విసుక్కుంది. ‘ఎందుకులే, నేనే వెళ్తా’ అనుకుంది. చటుక్కున లేచింది. వయసులో ఉన్నవాళ్లకు ఇబ్బంది ఉండదు గానీ, పెద్దవాళ్లలో పడుకున్నవాళ్లు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. కళ్లద్దాలు ఎక్కడున్నాయో కనపడలేదు. స్లిప్పర్లు మంచం కిందకు పోయాయి. లైటు స్విచ్ తలుపు పక్కన ఉంది. బాత్‌రూమ్ దగ్గర చిన్న గడప, దాని ముందు పీచు పట్టా, లోపల తడి టైల్స్. పట్టుకోవడానికి టవల్ రాడ్ తప్ప ఏమీ లేదు. టవల్ రాడ్ మనిషి బరువు ఆపుతుందా?

తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, మంచం, ఆ తర్వాత ఎన్నో నెలల కష్టం. అంతకంటే భయంకరమైన సంగతి ఇంకోటుంది. పడ్డాక ఎవరూ చూడకపోవడం. రెండింటికి పడి ఆరింటిదాకా చల్లటి గచ్చు మీద ఉండిపోతే, ఒంటి కింద నలిగిన కండరాలు దెబ్బతిని కిడ్నీల దాకా ముప్పు వస్తుంది. ఒళ్లు చల్లబడుతుంది. పైగా ‘నేను అరిచినా ఎవరూ రాలేదు’ అన్న భయం మనసులో ఉండిపోతుంది. ఆ భయంతో నడవడమే మానేసేవాళ్లున్నారు. నడక మానేస్తే కాళ్లలో సత్తువ పోతుంది. అప్పుడు మళ్లీ పడతారు.

దీనికి మందు పెద్ద ఖరీదేం కాదు. మంచం పక్కన చిన్న నైట్ లైట్. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడకు గట్టిగా బిగించిన కడ్డీలు. జారని టైల్స్ లేదా రబ్బరు మ్యాట్. కమోడ్ కాస్త ఎత్తుగా ఉండటం. గడప తీసేయడం. మంచం ఎత్తు, కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత. రాత్రి కనీసం రెండు మూడుసార్లు గదులు చూసి వెళ్లే మనిషి. అంతే. ఇవి లేవంటే డబ్బుల్లేక కాదు, ఆలోచన లేక.

గీజర్ సంగతి కూడా చూడండి. వయసు మీద పడితే చర్మం పలచబడుతుంది, వేడి తెలియడం తగ్గుతుంది. సలసల కాగే నీళ్లు పడితే చెయ్యి వెనక్కి తీసుకునేలోపే బొబ్బలెక్కుతాయి. బ్రిటన్‌లో కేర్ హోమ్‌ల స్నానపు నీళ్లు 44 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని భద్రతా నిబంధన. మన దగ్గర కనీసం ఆయా ముందు చేయి పెట్టి చూసి, ఆ తర్వాతే పోస్తోందా అని అడగొచ్చు.

నిద్రమాత్ర ఎవరి నిద్ర కోసం?

హోమ్‌లో మందుల పని చాలా పెద్దది. ఒక్కొక్కరికి రోజుకు ఎనిమిది పది మాత్రలు ఉండటం మామూలే. ఇరవై మంది ఉంటే లెక్కేసుకోండి. రాజ్యలక్ష్మిగారి షుగర్ బిళ్ల రాజేశ్వరిగారికి వెళ్లడానికి క్షణం చాలు. అందుకే ఎవరికి, ఏ మందు, ఎన్నింటికి ఇచ్చారో ఇచ్చిన వెంటనే సంతకంతో రాసే చార్ట్ ఉండాలి. మీరు వెళ్లింది మధ్యాహ్నం అయితే, రాత్రి మందులకు కూడా అప్పుడే టిక్కులు పెట్టేసి ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే ఆ చార్ట్‌ను ఎవరూ నమ్మక్కర్లేదు.

రాత్రికి సంబంధించి రెండు మందుల గురించి ప్రత్యేకంగా అడగాలి.

ఒకటి నీళ్ల మాత్ర. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు తగ్గడానికి ఇస్తారు. అది వేసుకున్నాక కొన్ని గంటలపాటు మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. సాయంత్రం ఇస్తే రాత్రంతా లేస్తూనే ఉంటారు. పొద్దున ఇవ్వొచ్చా అని డాక్టర్‌ని అడగండి. మీరే మార్చేయకండి.

రెండోది నిద్రమాత్ర. కొన్నిసార్లు అది నిజంగా అవసరమే. కానీ రాత్రి డ్యూటీలో ఒక్క ఆయాయే ఉండి, పాతికమందిని చూసుకోవాలంటే, అందరూ పడుకుంటేనే ఆమెకు నడుస్తుంది. అలాంటిచోట మాత్ర తాతయ్య నిద్ర కోసమా, సిబ్బంది నిద్ర కోసమా అనేది అడగాల్సిన ప్రశ్నే. ఆ మత్తులో లేచి నడిస్తే పడటం ఖాయం. మింగడం సరిగా చేతకాక పొలమారుతుంది. మొన్నటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఫోన్‌లో ముద్దముద్దగా, మగతగా మాట్లాడుతుంటే ‘వయసైపోయింది కదా’ అని సరిపెట్టుకోకండి. కొత్తగా ఏం మందు మొదలెట్టారో, ఏ డాక్టర్ రాశారో ప్రిస్క్రిప్షన్ ఫొటో పంపమనండి.

కట్టేస్తే పడరా?

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల రాత్రి ఇంకోలా ఉంటుంది. సాయంత్రం పడేసరికి గాభరా మొదలవుతుంది. ‘బడి వదిలేశారు, పిల్లాణ్ని తీసుకురావాలి’ అంటుంది అమ్మమ్మ. ఆ పిల్లాడికి ఇప్పుడు అరవయ్యేళ్లు. గేటు తెరిచి ఉంటే రోడ్డెక్కేస్తుంది.

ఇక్కడే చాలా హోమ్‌లు దారి తప్పుతాయి. మంచానికి చీరతో కట్టేస్తారు. కుర్చీకి బెల్టు బిగిస్తారు. రాత్రి గదికి బయట గొళ్లెం పెడతారు. ‘పడిపోకుండా సార్, ఆమె మంచికే’ అంటారు. మనం కూడా తలూపుతాం.

నిజానికి కట్టేసిన మనిషి విడిపించుకోవాలని పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటలో పడటం, కట్టు మెడకో ఛాతీకో బిగుసుకోవడం జరుగుతాయి. కదలిక లేక కండ కరిగిపోతుంది. ఒకే చోట ఒత్తిడి పడి నడుము మీద, మడమల మీద పుండ్లు పడతాయి. ఇక నిప్పు అంటుకుంటే ఏమవుతుందో ఎర్వాడి చెప్పింది. అమెరికాలో 1987లోనే నర్సింగ్ హోమ్ చట్టం తెచ్చి, శిక్షగానో సిబ్బంది సౌకర్యం కోసమో ఎవరినీ కట్టకూడదని రాశారు.

మరేం చేయాలి? మంచం నేలకు దగ్గరగా కిందికి దించొచ్చు. పక్కన మెత్తటి పరుపు వేయొచ్చు. తలుపు తెరిస్తే మోగే చిన్న గంట కట్టొచ్చు. పగలు కాసేపు ఎండలో తిప్పితే రాత్రి నిద్ర పడుతుంది. మెళ్లో పేరు, ఫోన్ నంబర్ ఉన్న లాకెట్ వేయొచ్చు. బడికి వెళ్లాలన్న అమ్మమ్మతో ‘పిల్లాడు వచ్చేశాడు, అన్నం తిని పడుకున్నాడు’ అని చెప్పి, పక్కన కూర్చోవచ్చు. అన్నిటికీ కావాల్సింది ఒకటే... రాత్రి మేలుకుని ఉన్న మనిషి. మనిషి లేనిచోటే తాడు వస్తుంది.

ఆయా కూడా మనిషే

ఆ మనిషి ఎవరు? సాధారణంగా ఏదో పల్లె నుంచి వచ్చిన నలభై ఏళ్ల ఆడమనిషి. పన్నెండు గంటల డ్యూటీ. కొన్నిచోట్ల అక్కడే తిని అక్కడే పడుకోవాలి కాబట్టి, లెక్కకు ఇరవై నాలుగు గంటలూ డ్యూటీయే. మనకంటే బరువైన మనిషిని ఒంటిచేత్తో ఎత్తాలి, డైపర్ మార్చాలి, తిట్లు పడాలి. కదల్లేనివాళ్లను పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఎవరూ పని నేర్పలేదు. జీతం చూస్తే మనం నెలకు స్విగ్గీకి పెట్టే ఖర్చుతో పోల్చుకోవడానికి సిగ్గేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఇంకో లెక్క వింటే గుండె జారుతుంది. వృద్ధుల సంరక్షణ సంస్థల్లో పనిచేసే ప్రతి ముగ్గురిలో ఇద్దరు, గత ఏడాదిలో తాము ఏదో ఒక రకంగా వృద్ధులతో చెడుగా ప్రవర్తించామని ఒప్పుకున్నారు. ఇది వృద్ధులు చేసిన ఫిర్యాదు కాదు, పనివాళ్లే చెప్పిన మాట. అందరూ కొట్టారని కాదు. అరవడం, పట్టించుకోకపోవడం, గట్టిగా లాగడం, తిండి ఆలస్యం చేయడం... అన్నీ ఇందులోవే.

ముగ్గురిలో ఇద్దరు చెడ్డవాళ్లు అయ్యుంటారా? కాదు. అలసిపోయినవాళ్లు అయ్యుంటారు. అందుకే ‘మీ ఆయాలు మంచివాళ్లేనా’ అని మేనేజర్‌ని అడిగి లాభం లేదు. ‘రాత్రి ఒక్కో ఆయా ఎంతమందిని చూస్తుంది? ఆమెకు వారానికి సెలవు ఉందా? ఇక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తోంది?’ అని అడగండి. ఆయాలు మూడు నెలలకోసారి మారిపోయే హోమ్‌లో తాతయ్యకు ఏ చెవి వినపడదో, దేనికి భయపడతాడో ఎవరికీ గుర్తుండదు.

సీసీ కెమెరాలున్నాయి కదా అంటారు. కారిడార్‌లో, గేటు దగ్గర ఉండాల్సిందే. కానీ కెమెరా పడ్డవాళ్లను లేపదు. ఎలా పడ్డారో మర్నాడు చూపిస్తుంది. గదిలో, బాత్‌రూమ్‌లో పెట్టారంటే అది భద్రత కాదు, అవమానం. బట్టలు మార్చుకునే అమ్మమ్మను స్క్రీన్ మీద ఎవరో చూస్తుండటం మనకు ఇష్టమేనా?

‘బాగానే ఉన్నా నాన్నా’

ఇప్పుడు అసలు చిక్కు. ఇవన్నీ మీకు తెలియాలంటే అక్కడుండే తాతయ్యో నానమ్మో చెప్పాలి. వాళ్లు చెప్పరు.

ఎందుకు చెప్పరంటే, మీరు అరగంటలో వెళ్లిపోతారు. వాళ్లు అక్కడే ఉండాలి. ఫిర్యాదు చేసిన రాత్రి బెల్ నొక్కితే ఎవరు రావాలి? అదే ఆయా. పైగా పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదన్న పట్టుదల ఒకటి. ‘అంతంత ఫీజు కడుతున్నారు, మళ్లీ నేను ఏడిస్తే ఏం బాగుంటుంది’ అనుకుంటారు. అందుకే వీడియో కాల్‌లో, పక్కన స్టాఫ్ ఫోన్ పట్టుకుని నిలబడి ఉండగా, ‘బాగానే ఉన్నా నాన్నా, మీరెలా ఉన్నారు?’ అనే అంటారు.

ఆ మాటను కాదు, మనిషిని చూడాలి. ముంజేతుల మీద వేళ్లు నొక్కినట్టు కమిలిన గుర్తులు. వదులైపోయిన గాజులు, జారిపోతున్న ప్యాంటు. పెరిగిపోయిన గోళ్లు. పొడిబారిన పెదాలు. ఎవరైనా గదిలోకి రాగానే ఆగిపోయే మాట. పాదాలు, మడమలు, నడుము దగ్గర చర్మం ఎర్రబడటం. ఒక్క గుర్తు కనిపిస్తే నేరం జరిగిందని కాదు. పెద్దవాళ్ల చర్మం ఊరికే కములుతుంది. రక్తం పలచబడే మందులు వాడితే ఇంకా ఎక్కువ. కానీ ‘ఇది ఎలా అయింది?’ అని అడిగితే, ముగ్గురు మూడు కథలు చెప్తే మాత్రం వదలకండి.

చట్టం ఎక్కడుంది?

2007లో తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమం, దిక్కులేని 150 మందికి చోటుండేలా, దశలవారీగా కట్టాలని అందులో ఉంది. తమ సంరక్షణలో ఉన్న వృద్ధుల్ని పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా విడిచిపెడితే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రైవేటు హోమ్‌లకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలంటూ ఈ చట్టానికి సవరణ బిల్లును 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో పెట్టారు. ఆ లోక్‌సభ గడువు ముగిసేలోపు అది చట్టం కాలేదు.

2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో 60 దాటినవాళ్లు 10 కోట్లకు పైగా ఉన్నారు. చట్టం వచ్చేదాకా వాళ్ల రాత్రులు ఆగవు కదా. అందాకా ఇన్‌స్పెక్టర్ పని మనదే.

వచ్చే ఆదివారం మీ పని

ఈ పని మీకే ఎందుకంటే, అమ్మానాన్నలకు హోమ్‌లో చేర్చామన్న బాధ ఉంటుంది. ఆ బాధలో గట్టిగా అడగలేరు. మనవడికో మనవరాలికో ఆ మొహమాటం లేదు. పైగా మీరు రాత్రి రెండింటి దాకా రీల్స్ చూస్తూ మేలుకుని ఉండే బ్యాచ్ కదా, రాత్రి గురించి మీకంటే ఎవరికి బాగా తెలుసు?

* బెల్ నొక్కండి. మంచం పక్కనున్న కాలింగ్ బెల్ నొక్కి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. ఎవరైనా వచ్చేసరికి ఎంతసేపైంది? పగలే పది నిమిషాలైతే రాత్రి సంగతి ఊహించుకోవచ్చు.
* రాత్రి డ్యూటీ నంబర్ తీసుకోండి. మేనేజర్ నంబర్ కాదు. రాత్రి మేలుకుని ఉండే మనిషి నంబర్. ఒకరోజు పదకొండింటికి చేసి చూడండి.
* చెప్పకుండా వెళ్లండి. ఒకసారి చీకటి పడ్డాక, ఒకసారి పొద్దున్నే. ‘ఆదివారం పది నుంచి పన్నెండు వరకే’ అనే రూల్ ఎందుకో అడగండి.
* బయటికి వెళ్లే రెండో దారి చూపించమనండి. తాళంచెవి ఎక్కడుందో అడగండి. చివరిసారి ఫైర్ డ్రిల్ ఎప్పుడు చేశారో ఆయానే అడగండి, మేనేజర్‌ని కాదు. మంట కనిపిస్తే ముందు ఏం చేస్తారని కూడా అడగండి. ‘101కి ఫోన్ చేసి, గది తలుపులు మూస్తాం’ అంటే ఆ హోమ్‌లో ఎవరో పని నేర్పారని అర్థం.
* కరెంటు పోతే ఏమవుతుందో కనుక్కోండి. జనరేటర్ లిఫ్ట్‌కేనా, గదుల్లో ఫ్యాన్లకూ వస్తుందా? మే నెల రాత్రి, రామగుండం లాంటి చోట ఫ్యాన్ ఆగడమంటే చిన్న విషయం కాదు. పెద్దవాళ్లకు దాహం కూడా సరిగా తెలియదు.
* ఆయా పేరు తెలుసుకోండి. వెళ్లినప్పుడల్లా పలకరించండి. తాతయ్యకు ఏం ఇష్టమో, ఏం వద్దో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఆయా ఆయన్ని ‘రూమ్ నంబర్ 12’గా కాకుండా ‘సైన్స్ మాస్టారు’గా గుర్తుపెట్టుకుంటే, ఆ రాత్రి కాస్త తొందరగా లేస్తుంది.

ఏదైనా తేడాగా కనిపిస్తే ముందు తేదీ, టైమ్, ఫొటోతో మేనేజర్‌కు వాట్సాప్‌లో రాయండి. నోటిమాటగా వదిలేయకండి. కదలిక లేకపోతే వృద్ధుల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి. డబ్బులేం పడవు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతుంది. మన ప్రశ్న రాత్రి గురించి కదా... ప్రాణాపాయం అనిపిస్తే, ఏ వేళైనా 112. ఫిర్యాదు కలెక్టరేట్‌లో కూడా ఇవ్వొచ్చు. ఈ చట్టం అమలు చూసే బాధ్యత జిల్లా కలెక్టర్‌కే అప్పగించొచ్చని చట్టంలోనే ఉంది. మనిషి ప్రమాదంలో ఉన్నారనిపిస్తే ముందు అక్కణ్నుంచి తీసుకొచ్చేయండి, మిగతా వాదనలు తర్వాత.

ఒక్క మాట చివరగా. అన్ని హోమ్‌లూ ఇలాగే ఉంటాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో ఒంటరిగా పడి ఉండటం కంటే మంచి హోమ్ ఎంతో నయం. అక్కడ పేకాట జట్టు దొరుకుతుంది, సీరియల్ గురించి పోట్లాడుకునే స్నేహితురాలు దొరుకుతుంది, వేళకు అన్నం దొరుకుతుంది. మంచి హోమ్ నడిపేవాళ్లకు ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. తాళంచెవి చూపిస్తారు, చార్ట్ తెరిచి పెడతారు, ‘రాత్రి కూడా రండి బాబూ’ అంటారు. అలా అన్నవాళ్ల దగ్గరే పెట్టండి. విసుక్కున్నచోట మాత్రం, లాన్ ఎంత పచ్చగా ఉన్నా సరే, అడ్వాన్స్ కట్టకండి.